ఆవు తోక తగిలిన కన్ను

మునిలక్ష్మికి అబద్ధం ఆడడం చేతకాదు. ఆడబోతే చెవులు ఎర్రబడతాయి, సగం మాట గొంతులోనే ఉండిపోతుంది. అలాంటి మనిషి, కాలేజీకి పోయే కూతురున్న తల్లి, క్యాసంబళ్ళి పక్కనున్న ఆ ఊళ్ళో ఇల్లిల్లూ నమ్మేంత గట్టి అబద్ధం ఒకటి ఆడి కూర్చుంది. పాలు పిండుతుంటే ఆవు తోక విసిరిందట, కొస వచ్చి ఎడమకంటికి తగిలిందట, ఆ దెబ్బకు లోపల పొర కమ్మిందట, దాన్ని తీయించుకోవడానికి బెంగళూరు పోతోందట. ఆవుకు నోరు లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఆ రోజే నిలదీసి ఉండేది.

అసలు సంగతేమిటంటే ఆమెది పుట్టుమెల్ల. ఎడమ నల్లగుడ్డు ఎప్పుడూ ముక్కువైపుకు ఒరిగి ఉంటుంది. పుట్టినూరు టేకల్‌లో బడికి పోయే రోజుల్లో అయ్యవారు ఏదైనా అడిగితే ఆయన్ను చూసే జవాబు చెప్పేది. "నేనీడుంటే గోడకు చెప్తాండావేమే పాఠం" అనేవాడాయన. పిల్లలు గొల్లున నవ్వేవారు. ఆ నవ్వుల పుణ్యమా అని ఆమెకొక ఉపాయం అబ్బింది. ఎవరితో మాట్లాడినా తల వంచి వాళ్ళ కాళ్ళతో మాట్లాడేది. ఊరు దాన్ని అణకువ అనుకుంది. పెళ్ళిచూపులకు వచ్చిన సోమశేఖర్ కూడా అణకువే అనుకున్నాడు. ఆయనా సిగ్గరే, ఆయనా నేలనే చూస్తూ కూర్చున్నాడు కాబట్టి, ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరికి నచ్చి పెళ్ళి చేసుకున్నారని చెప్పాలి. పెళ్ళిలో ఫోటోలు తీసినవాడు మాత్రం కన్ను కనబడకుండా "మొగం సొల్పం పక్కకు తిప్పమ్మా" అని ప్రతిసారీ అన్నాడు. అందుకే ఆల్బం నిండా పెళ్ళికూతురు ఎవరిమీదో అలిగినట్టే ఉంటుంది.

మొగుడు మంచివాడు. కన్ను గురించి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. కష్టమంతా పట్టుపురుగులతో వచ్చింది. సోమశేఖర్ ఇంట్లో రాగి పండుతుంది, పాడి ఉంది, అయినా ఇల్లు గడిచేది పురుగుల మీదే. పురుగు మేత మాని నిద్రపోవడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఆకు మీద పడి మేసి మేసి, పండి, పసుపుగా మెరుస్తూ తల ఎత్తుతుంది. అప్పుడు ఏరి చంద్రికల మీద, అంటే వెదురుతో అల్లిన పెద్ద పెద్ద తడకల మీద వేస్తారు. అక్కడ అది గూడు కడుతుంది. ఆ దినాల్లో పురుగులింటికి దిష్టి తగలకూడదు. గుమ్మానికి వేపమండ కడతారు, పరాయివాళ్ళను తొంగిచూడనివ్వరు. అత్తగారు చిన్నవెంకటమ్మ ఇంటి కోడలిని కూడా చూడనిచ్చేది కాదు.

"నిన్ను అనేది కాదు మునీ. నువ్వు బంగారట్లాంటిదానివి. పురుగు సున్నితం, దానికేమి తెలుస్తుంది. నీ చూపు పడితే గూడు పలచనయితాదని మా అత్త కాలం నుంచీ ఉండాది మాట" అనేది. అంతా మెత్తగానే అనేది. గట్టిగా అని ఉంటే తిరిగి ఒక మాట అనవచ్చు, ఏడవనైనా ఏడవవచ్చు. మెత్తగా అంటే ఏం చేస్తుంది మనిషి? మల్బరీ ఆకు కోసుకొచ్చి, గంప గుమ్మం దగ్గర దించి, వెనుదిరిగి పోయేది. పెళ్ళై వచ్చినప్పటినుంచీ అదే వరస. తను పెంచిన పురుగు గూడు కట్టడం ఆమె ఒక్కసారీ చూడలేదు. అదొక సిగ్గు, చెప్పుకుంటే ఇంకా పెద్ద సిగ్గు.

కూతురు రక్షిత కేజీఎఫ్‌లో చదువుతోంది. ఒకనాడు వచ్చి, రాబర్ట్‌సన్‌పేటలో ఆదివారాలు చూసే జలజ అనే కంటి డాక్టరమ్మ మెల్లకన్ను పెద్దవాళ్ళకు కూడా సరిచేస్తుందట, కాలేజీకి వచ్చి చెప్పింది అంది. మునిలక్ష్మి ఏమీ వినబడనట్టు రాగిపిండి జల్లించింది. ఆదివారం వచ్చేసరికి మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆ వాకిట్లో ఉంది.

డాక్టర్ జలజ కేజీఎఫ్ పిల్లే. నాన్న గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసినాయన. ఆపరేషన్లు బెంగళూరు ఆసుపత్రిలో చేస్తుంది, మాట మాత్రం ఇక్కడిదే. "ఇది సోకు ఆపరేషన్ కాదమ్మా. కంటిని తిప్పే కండ బిగువుగా ఉండాది. దాన్ని విప్పి, సొల్పం వెనక్కి జరిపి కుడతాను. కుట్టేది నా పని. మానేటప్పుడు చూసుకునేది నీ పని. కొందరికి గాయం మానతా మానతా ఆ కండ చుట్టూ ఉండే పొరలకు అతుక్కుపోతాది, అప్పుడు కన్ను తిరగదు. అందుకని నేను ఆపమనేదాకా చుక్కలు ఆపొద్దు. కన్ను బిగబట్టి కూర్చోవద్దు, ఆ పక్క ఈ పక్క బాగా తిప్పు. నులమొద్దు. పురుగుల మీద సున్నం చల్లేచోటికి పోవద్దు. రమ్మన్న దినం రా" అంది. మునిలక్ష్మి అన్నిటికీ తలూపింది, డాక్టరమ్మ కాళ్ళ వైపు చూస్తూ.

ఇంటికి తిరిగి వస్తూ బస్సులో ఆమెకు భయం పట్టుకుంది. కత్తికి కాదు. ఊరికి. ఆ మధ్యే మునివెంకటమ్మ జుట్టుకు నల్లరంగు వేసుకుని పాలు పోయడానికి డైరీకి వస్తే క్యాన్లతో బారుతీరి ఉన్న ఆడవాళ్ళు ఆమెను బతకనివ్వలేదు. ఈ వయసులో ఎవరిని మెప్పించేదానికమ్మా అని ఒకరు, కొత్త పెండ్లికూతురు వచ్చింది దారి ఇడవండి అని ఇంకొకరు. మునివెంకటమ్మ నవ్వుతూనే ఉంది గానీ మరునాడు పాలు కొడుకుతో పంపింది. ఆ బారులో మునిలక్ష్మి కూడా ఉంది. ఆమె కూడా నవ్వింది. నవ్వినప్పుడు హాయిగానే ఉండింది, ఒక్కసారైనా నవ్వు తన మీద కాకుండా ఇంకొకరి మీద పడిందని. ఆ నవ్వు తన వైపుకు తిరుగుతుందనుకునేసరికి ఒళ్ళు చచ్చిపోయింది. "పొర అని చెప్పేద్దాము" అంది మొగుడితో. "అత్తకు కూడా అదే చెప్పు."

సోమశేఖర్, "పొర ఎట్ల వచ్చిందని అడుగుతారు కదా?" అన్నాడు. అప్పుడు పుట్టింది ఆవు తోక.

ఆపరేషన్ బాగా జరిగింది. మారికుప్పం రైల్లో కంటికి కట్టుతో తిరిగి వచ్చింది. ఇల్లు చేరేసరికి అరుగు మీద గంగులమ్మ కూర్చుని ఉంది.

గంగులమ్మ గురించి చెప్పాలి. పక్కిల్లే. మొగుడు లేడు, ఒక ఆవు ఉంది. రెండు కళ్ళకూ కంటి క్యాంపులో పొర తీయించుకున్న మనిషి. తీయించుకుని ఊరుకోలేదు, అప్పటినుంచీ ఊళ్ళో ఎవరికి పొర వచ్చినా తోడు పోతుంది. క్యాంపు బస్సులో పక్కన కూర్చుంటుంది, భయపడితే చెయ్యి పట్టుకుంటుంది, వచ్చాక పథ్యం తనే చూస్తుంది. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. ఆ ఊళ్ళో ముసలీముతకా గంగులమ్మ తోడు లేనిదే క్యాంపు గడప తొక్కరు. మునిలక్ష్మి తనను తోడు పిలవకుండా పోయిందని ఆమె మనసు కాస్త నొచ్చింది గానీ, కట్టు చూడగానే అది మరిచిపోయింది.

"పండుకో లచ్చిమీ. తల కదిలించొద్దు. నేనుండాను కదా" అంది.

ఇంక చూడండి. నవ్వొద్దు, కుట్లు కదులుతాయి. గట్టిది నమలొద్దు. వంగొద్దు, తుమ్మొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, కన్ను తిప్పొద్దు. ఎవరైనా పిలిస్తే కన్ను కాదు, ఒళ్ళంతా తిప్పాలి. ఇవన్నీ ఎప్పుడో తనకు క్యాంపులో చెప్పినవీ, చెప్పనివీ కలిపి గంగులమ్మ దాచుకున్న సూత్రాలు. పొద్దున్నే జావ కాచి తెచ్చేది, పలచగా చేసి తాగించేది, మంచం పక్కన కూర్చుని కాపలా కాసేది. మునిలక్ష్మి ఏం చెబుతుంది? నాది పొర కాదత్తా అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. పొద్దున అనుకుంది, సాయంకాలం అనుకుంది. జావ తాగుతూ నోరు తెరిచింది కూడా. చెవులు ఎర్రబడితే గంగులమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి, "జరమొచ్చినట్టుండాదే" అని తడిగుడ్డ వేసింది.

కొన్నాళ్ళు ఆవుల కొట్టంలోకి పోయి, గోడవైపు తిరిగి కన్ను తిప్పుకుంది. ఒకనాడు చిన్నవెంకటమ్మ గడ్డికి వచ్చి, కోడలు కళ్ళు తేలేస్తోందనుకుని కేక వేసింది. గంగులమ్మ పరుగున వచ్చింది. కన్ను తిప్పిందని తెలిసి చిన్నపిల్లను మందలించినట్టు మందలించింది. అంతటితో కొట్టం కూడా పోయింది. చుక్కల సీసా ఒకటి అయిపోయి రెండోది తెరిస్తే గంగులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంగా వేస్తారా? నాకు ఇంత దూరం వేయలేదే. మందు జాస్తి అయితే కన్ను కాగిపోతాది" అంది. సీసా గూట్లోకి పోయింది. డాక్టరమ్మ రమ్మన్న దినం వచ్చింది. పొర తీసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ బెంగళూరు పోతారా, ఎందుకు పోతారు అని గంగులమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. అది విని మునిలక్ష్మి ప్రయాణం మానుకుంది. సోమశేఖర్ ఒకసారి "పోదామా" అన్నాడు. ఆమె వద్దంది. ఆయన రెండోసారి అనలేదు.

కట్టు తర్వాత పెట్టుకున్న నల్లద్దాలు తీసిన దినం చూడాలి. ఎర్రదనం ఇంకా ఉన్నా, కన్ను నేరుగా ఉంది. రెండు గుడ్లూ ఒకే వైపు చూస్తున్నాయి. రక్షిత తల్లి ముఖం రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చేసింది. గంగులమ్మ గర్వానికి హద్దు లేదు. పొర తీసేసరికి మెల్ల కూడా కుదిరిందనీ, అంతా పథ్యం గొప్పతనమనీ డైరీ దగ్గర చెప్పుకుంది. అందరూ ఔనన్నారు. మునిలక్ష్మి తల వంచుకుంది. ఈసారి కన్ను దాచుకోవడానికి కాదు. ముసలిది ఆనందంతో అబద్ధం పంచుతూ ఉంటే, ఆ అబద్ధం తనదైనందుకు.

చిన్నవెంకటమ్మ కోడలి ముఖం చాలాసేపు చూసి, పండిన పురుగుల తట్ట చేతికిచ్చింది. "రా, లోపలికి" అంది. మునిలక్ష్మి వేపమండ కింద నుంచి లోపలికి పోయి తన చేత్తో పురుగులను చంద్రిక మీద వేసింది. ఒక పురుగు తల అటూ ఇటూ ఊపుతూ కంటికి ఆనీ ఆనని దారం తీయడం మొదలుపెట్టింది. ఆమె అక్కడే కూర్చుండిపోయింది. ఆ దినమంతా ఎవరు పిలిచినా పలకలేదు.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. ముక్కు పక్కన తెల్లగుడ్డు మీద ఎర్రటి కండ దళసరిగా లేచింది. లోపల ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు ఉండేది. చెవివైపుకు చూడబోతే కన్ను సగం దారిలో ఆగిపోయేది, ఎడమపక్క బిందె రెండు బిందెలుగా కనబడేది. నెమ్మదిగా గుడ్డు మళ్ళీ ముక్కువైపుకు ఒరిగింది, మునుపటికన్నా గట్టిగా. తర్వాతి పంటకు ఆమె ఆకుగంపతో పురుగులింటి గుమ్మం దాకా పోయేసరికి అత్తగారు ఎదురు వచ్చి గుమ్మంలోనే గంప అందుకుంది. మునిలక్ష్మి వెనుదిరిగింది. ఆ నాలుగడుగులు నడవడం కన్నా భూమిలోకి దిగిపోవడం మేలనిపించింది ఆమెకు.

అప్పుడు పోయింది డాక్టర్ దగ్గరికి. జలజ కంట్లోకి దీపం వేసి చూసి, వేలు అటూ ఇటూ ఆడించి చూసి, దీపం ఆర్పేసింది.

"అతుక్కుపోయిందమ్మా. కండ, దాని మీది పొర, పక్క పొర అన్నీ ఒకటైపోయినాయి. చుక్కలు వేసినావా?"

మునిలక్ష్మికి పురుగులిల్లు గుర్తుకొచ్చింది. చంద్రిక మీద పురుగులు ఒత్తుగా పడితే రెండు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి, ఆ గూటి నుంచి దారం సరిగా రాదు. తన కంట్లో అలాంటిదేదో జరిగిందని మాత్రం అర్థమైంది.

"కన్ను తిప్పినావా? ఎవరైనా తిప్పొద్దన్నారా?"

ఎవరైనా అని డాక్టరమ్మ అడగకుండా ఉంటే బాగుండేది. ఆ మాట తెరిచిన తలుపులా కనబడింది. మొగుడు పక్కనే ఉన్నాడు. మునిలక్ష్మి ఆ తలుపులో దూరింది. "పక్కింటి గంగులమ్మత్త తిప్పొద్దనింది. మందు చాలని కూడా ఆయమ్మే చెప్పింది" అంది. చెవులు ఎర్రబడలేదు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు కదా. అంతకు మించిన అన్యాయం ఆమె జీవితంలో ఇంకెవరికీ చేయలేదు.

సోమశేఖర్‌కు పెద్ద బరువు దిగినట్టయింది. రెండోసారి 'పోదామా' అని తను అనలేదన్న బాధ ఆయనకూ లోపల ఉంది మరి. ఇంటికి రాగానే తల్లికి చెప్పాడు, ఇంత జరిగినా ఆవు తోకను మాత్రం కదపకుండా. కన్ను కుదిరి కోడలు పురుగులింట్లో అడుగు పెట్టిందని పొంగిపోయిన చిన్నవెంకటమ్మ, మరునాడు డైరీ బారులో అందరి ముందూ గంగులమ్మను పట్టుకుంది. "నీ పథ్యంలో మన్ను పొయ్య. ఆడబిడ్డ కన్ను చెడగొట్టినావు కదే. డాక్టరమ్మే చెప్పింది" అంది. గంగులమ్మ పాలక్యాను అలాగే పట్టుకుని, "నేనా?" అని ఒక్క మాట అంది. తర్వాత పాలు పోయకుండానే ఇంటికి పోయింది.

ఇదంతా మునిలక్ష్మి బారులో నిలబడే వింది. ఆమె కూడా పాలు పోయకుండానే వచ్చి ఉంటే కొంత నయం. క్యాను ముందుకు జరుపుకుంటూ తన వంతు దాకా నిలబడి, పాలు పోసి వచ్చింది.

ఆనాటినుంచి గంగులమ్మ జావ తేలేదు. అరుగు మీద కూర్చోలేదు. బారులో అందరికన్నా వెనక నిలబడేది. దారిలో ఎదురైతే తనే పక్కకు తప్పుకునేది, తప్పు తనదైనట్టు. ఇంతలో ఆవులప్ప కంటి క్యాంపుకు పోవలసి వచ్చింది. ఆవులప్ప ముసలాయన, కుడికన్ను పూర్తిగా పొరకమ్మి, ఎడమది సగం. గోడ పట్టుకుని నడిచి వచ్చి గంగులమ్మ వాకిట్లో నిలబడ్డాడు. మునిలక్ష్మి తన పెరట్లో బట్టలు ఆరేస్తూ వింది.

"నేను రాను అప్పా. నా చెయ్యి మంచిది కాదు. ఒక కన్ను చెడిపింది చాలు" అంది గంగులమ్మ.

"నువ్వు రాకుంటే నేనూ పోను" అన్నాడు ఆవులప్ప. మళ్ళీ గోడ పట్టుకుని పోయాడు. మునిలక్ష్మి చేతిలోని తడిచీర మట్టిలో పడింది.

మునిలక్ష్మికి మళ్ళీ చేస్తానని డాక్టరమ్మ చెప్పిన రెండో ఆపరేషన్ ఆ వారమే. ముందురోజు జలజ కూర్చోబెట్టి చెప్పింది. "అతుకులన్నీ విడదీస్తాను. మళ్ళా అతుక్కోకుండా కండ చుట్టూ పలచని పొర చుడతాను. కాన్పులో మాయ వస్తుంది చూడు, దాని మీది పొర. తల్లి ఒప్పుకుంటే శుభ్రం చేసి దాచిపెడతారు. మందులాగా పనిచేస్తుంది, మచ్చ గట్టిపడనియ్యదు." మునిలక్ష్మి ఉలిక్కిపడింది. తమ ఇళ్ళలో మాయను కుక్కలు తవ్వకుండా లోతుగా పూడ్చిపెట్టి పైన రాయి పెడతారు. ఎవరో తల్లి, పేరు కూడా తెలియని మనిషి, పూడ్చవలసినదాన్ని తీసుకోండి అని ఇచ్చేసింది. ఆ తల్లి దాపరికం లేకుండా ఇచ్చింది తన కంట్లోకి వస్తుంటే, తను మాత్రం దాచిన మాట దాచినట్టే పెట్టుకుని ఒక ముసలిదాని మీద తోసింది. మునిలక్ష్మికి మింగుడు పడలేదు.

"నేను చెప్పింది అబద్ధం డాక్టరమ్మా" అంది. "అంటే, అబద్ధం కాదు. ఆయమ్మ నాకు పొర తీసినారనుకుని చెప్పింది. పొర అని చెప్పింది నేను. ఎవరూ చూడకుండా కొట్టంలో దాక్కుని కన్ను తిప్పినాను, అదీ కొన్నాళ్ళే." ఈసారి చెవులతో పాటు మెడ కూడా ఎర్రబడింది.

జలజ నవ్వలేదు, తిట్టలేదు. "ఎవరి వల్ల అని నేను ఖచ్చితంగా చెప్పలేను. కొందరి ఒంటి తీరే అంత, ఎంత చూసుకున్నా అతుకుతాది. చుక్కలు మానడం మాత్రం మంచి చేయలేదు. ఈసారి చుక్కలు ఆగకూడదు, కన్ను ఆగకూడదు. కొట్టంలో దాక్కుని తిప్పితే ఎన్ని దినాలు తిప్పుతావు?" అంది.

ఆపరేషన్ చేయించుకుని, నాలుగు రోజులు బెంగళూరులోనే ఉండి చూపించుకుని ఊరు వచ్చింది. వచ్చిన మరునాటి ఉదయం నల్లద్దాలు ఇంట్లో పెట్టి పాలక్యాను తీసుకుంది. కన్ను ఎర్రగా నెత్తురు కమ్మి ఉంది. సోమశేఖర్ "నేను పోసొస్తాలే" అన్నాడు. ఆమె క్యాను ఇవ్వలేదు.

బారు అప్పటికే నిలబడింది. ముందు ఇంటి ఇంకో క్యానుతో వచ్చిన చిన్నవెంకటమ్మ, వెనక మునివెంకటమ్మ, ఇంకా పదిమంది. పక్కన గోడకు ఆనుకుని ఆవులప్ప, మళ్ళీ అడిగి చూద్దామని వచ్చినట్టున్నాడు. అందరికన్నా చివర గంగులమ్మ.

"ఏమి లచ్చిమీ, మళ్ళా పొర తీసినారా?" అంది మునివెంకటమ్మ.

"పొర కాదక్కా. నాకు పొర ఎప్పుడూ రాలేదు. ఆవు తోకా తగల్లేదు. మెల్లకన్ను సరిచేసుకునేదానికి పోయినాను. ముందరసారీ అందుకే, ఇప్పుడూ అందుకే."

పాలు కొలిచే పిల్ల కూడా ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి, "సోకుకా?" అన్నారు. సన్నగా నవ్వు వినబడింది.

మునిలక్ష్మి కళ్ళు వాటంతట అవే నేలకు దిగాయి. బలవంతాన ఎత్తింది. "సోకుకే" అంది. తర్వాత మునివెంకటమ్మ వైపు తిరిగి, "నీ జుట్టు దినం నేను కూడా నవ్వినానక్కా" అంది. మునివెంకటమ్మ క్యాను మూత సర్దుకుంది. చిన్నవెంకటమ్మ కోడలిని ఒకసారి, గంగులమ్మను ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

మునిలక్ష్మి బారు చివరికి నడిచింది. "అత్తా, నువ్వు చేసింది పొర తీసినవాళ్ళకు చేసేది. నేను పొర తీయించుకున్నదాన్ని కాదు. తెలిసీ ఊరకుండినాను. డాక్టరమ్మ అడిగితే నీ పేరు చెప్పినాను. నువ్వు నా కన్ను చెడపలేదు."

గంగులమ్మ ఆమెను తేరిపార చూసింది. "నాకొక్కదానికి చెప్పింటే ఏమే? నేను నవ్వుదునా?"

"నవ్వవని తెలుసు అత్తా" అంది మునిలక్ష్మి. "తెలిసి కూడా చెప్పలేదు." ఆ మాట అన్నాక ఇంక నిలబడలేకపోయింది. అక్కడే నేల మీద కూర్చుని, కంటికి చెయ్యి పోనివ్వకుండా, నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది.

గంగులమ్మ క్యాను కింద పెట్టింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఎదురుగా కూర్చుంది. ఒకప్పుడు జావ తాగించిన చెయ్యే, కొంగు కొసతో కన్ను తగలకుండా చెంప మాత్రం తుడిచింది. "ఎట్ల తిప్పమన్నారు ఈ కన్ను?" అంది.

"ఆ పక్కకు, ఈ పక్కకు. వేలు చూపిస్తే దాని వెంట."

గంగులమ్మ వేలు ఎత్తింది. నలుగురి ముందు, మునిలక్ష్మి ఎర్రటి కన్ను ఆ వేలి వెంట ముక్కువైపుకు వచ్చింది, మళ్ళీ చెవివైపుకు పోయింది. కొసదాకా పోలేదు గానీ మునుపు ఆగినచోట మాత్రం ఆగలేదు. చూసేవాళ్ళకు వింతగానే ఉండి ఉంటుంది. గంగులమ్మ వేలు అలాగే పట్టుకుని, తల మాత్రం గోడవైపుకు తిప్పింది.

"ఆవులప్పా, క్యాంపుకు వస్తాలే నీతో" అంది. "ముందు నిజం చెప్పు. నీకు పొరేనా, ఇంగేమన్నా ఉండాదా?"

బారంతా పగలబడి నవ్వింది. ఆవులప్ప కూడా నవ్వాడు. నవ్వనిది మునిలక్ష్మి ఒక్కతే. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా తల వంచకుండా, గంగులమ్మ వేలు ఉన్నచోటే కన్ను నిలిపి, ఆమె చాలనేదాకా చూస్తూ ఉంది.